ఖర్చు ఎవరిదో తెలిస్తే కాగితం దొరుకుతుంది

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను, చదివే మిగతావాళ్ళకూ అందుతుంది. లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్లో బిడ్డను అప్పగించిన ఒక తల్లి ఇచ్చిన సగం గుడ్డముక్క ఫోటో చూశారు. రాజులూ యుద్ధాలూ కాకుండా ఇలాంటి మామూలు మనుషుల కథలు బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ ఎలా బయటికి తీస్తారు? ఇండియాలో ఇంట్లో కూర్చుని చేయొచ్చా? లాటిన్ రాకపోతే కుదురుతుందా? పేరు కొట్టి వెతికితే ఏమీ రావడం లేదెందుకు? ఇవీ మీ సందేహాలు.

చాలావరకు ఇంటి నుంచే చేయొచ్చు. ఇంగ్లండులో 1733 మార్చి 25 నుంచి కోర్టు రికార్డులన్నీ ఇంగ్లీషులోకి మారాయి. అంతకు ముందు 1651 నుంచి 1660 దాకా, రాజు లేని రోజుల్లో, కొన్నాళ్ళు ఇంగ్లీషులో రాసి మళ్ళీ లాటిన్‌కు వెళ్ళారు. కాబట్టి లాటిన్ రానివాళ్ళు 1733 తర్వాతి కాలం పట్టుకుంటే సగం కష్టం తీరిపోతుంది. ఇక పేరు కొడితే రాకపోవడం సహజమే. ఆ కాగితాలను మనుషుల పేర్ల ప్రకారం ఎవరూ కట్టలు కట్టలేదు. ఏ ఆఫీసు రాసిందో, ఏ పని కోసం రాసిందో, ఆ ప్రకారం కట్టారు.

మన కరణం లెక్కలను తలుచుకోండి. కరణం ఊళ్ళో అందరి గురించీ రాయలేదు. శిస్తు ఎవరు కట్టాలి, ఈ భూమి ఎవరిది, మాన్యం ఎవరికి, ఇంతవరకే రాశాడు. శిస్తుతో పనిలేని మనిషి అందులో లేడు. బ్రిటన్‌లోనూ అంతే. పేదవాడి గురించి కాగితం పుట్టిందంటే, ఎక్కడో ఎవరో అతని ఖర్చు ఎవరు భరించాలని తగువుపడ్డారన్న మాట, లేదంటే అతని వల్ల ఎవరికో డబ్బు రావాలి. అందుకని వెతికేటప్పుడు మొదటి ప్రశ్న “ఈ మనిషి పేరేమిటి” అని కాదు, “ఈ మనిషి వల్ల డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళింది” అని వేసుకోండి. జవాబు తెలిస్తే ఏ ఆఫీసు కాగితాలు తిప్పాలో తెలుస్తుంది.

మీరు చూసిన గుడ్డముక్కతోనే మొదలుపెడదాం. పేరులో హాస్పిటల్ ఉన్నా అది వైద్యం చేసే ఆసుపత్రి కాదు, దిక్కులేని పసిబిడ్డలను పెంచే ఆశ్రమం. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ ఏళ్ళ తరబడి తిరిగి 1739లో రాజుగారి చార్టర్, అంటే అనుమతి పత్రం, సంపాదించాడు. 1741 మార్చి 25 రాత్రి మొదటి బిడ్డలను తీసుకున్నారు. మొదట్లో తల్లి పేరు అడిగేవారు కాదు. బిడ్డకు ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరున్న సీసపు బిళ్ళను మెడలో కట్టి, కొత్త పేరుతో బాప్తిస్మం ఇచ్చేవారు. అంటే తల్లి పెట్టిన పేరుతో ఎంత వెతికినా ఆ బిడ్డ దొరకదు. నంబరే తాళంచెవి.

బిడ్డను తీసుకునేటప్పుడు గుమాస్తా ఒక అచ్చు ఫారం నింపేవాడు. దాన్ని బిల్లెట్ అంటారు. ఆడో మగో, వయసు ఎంతో, తేదీ ఏమిటో, ఒంటి మీద ఏ బట్టలున్నాయో, పుట్టుమచ్చలున్నాయో లేదో, అన్నీ అందులో రాసేవాడు. దానికి ఒక గుర్తును గుండుసూదితో గుచ్చేవాడు. తల్లి తర్వాత ఎప్పుడైనా వచ్చి బిడ్డను అడిగితే ఆమె చెప్పే తేదీ, గుర్తు ఈ ఫారంతో సరిపోవాలి. వేరే బిడ్డను పొరపాటున ఇచ్చేయకుండా ఇదొక్కటే భద్రత. బిడ్డను చంపేశావన్న నింద వస్తే తప్పించుకోడానికీ తల్లికి ఇదే ఆధారం.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ గుడ్డముక్కలన్నీ కన్నీళ్ళతో తల్లులు కుట్టి ఇచ్చినవని అనుకుంటారు. 1741 నుంచి 1760 దాకా బిల్లెట్ పుస్తకాల్లో సుమారు 5,000 గుడ్డముక్కలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం బిడ్డ ఒంటి మీది బట్ట నుంచే గుర్తు కోసం కత్తిరించినవి. తల్లి తనంతట తాను తయారుచేసి ఇచ్చినవి తక్కువ. ప్రదర్శనలో పెట్టేది మాత్రం ఆ తక్కువలో అందమైన వాటిని. ఫోటో చూసి కథ రాసేముందు ఆ ముక్క ఏ రకమో బిల్లెట్‌లో చదివి తేల్చుకోవాలి. ఒక చరిత్రకారుడి కంటికి ఆ మామూలు ముక్కలే ఎక్కువ విలువైనవనుకోండి. 18వ శతాబ్దపు పేద ఆడవాళ్ళు కట్టిన బట్టలు వేరే ఎక్కడా అంత పెద్ద సంఖ్యలో మిగల్లేదు, తేదీలతో సహా అసలే మిగల్లేదు.

తల్లి నిజంగా చేసి ఇచ్చిన ముక్క అంటే 16516 నంబరు బిడ్డది. 1767 ఫిబ్రవరి 11న తీసుకున్న మగబిడ్డ. రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టిన చిన్న అతుకు, దాని మీద ఎర్రదారంతో హృదయం బొమ్మ, ఎస్, సి అక్షరాలు. దాన్ని సగానికి కత్తిరించి ఒక సగం బిల్లెట్‌కు గుచ్చారు, రెండో సగం తల్లి దగ్గర ఉంది. తల్లి పేరు శారా బెండర్, బిడ్డకు ఆమె పెట్టిన పేరు చార్లెస్. సంస్థ అతనికి పెట్టిన పేరు బెంజమిన్ ట్వర్ల్. 1775 జూన్ 10న, ఎనిమిదేళ్ళ తర్వాత, ఆమె వచ్చి బిడ్డను తీసుకెళ్ళింది. ఈ రెండు పేర్లూ ఒకే పిల్లవాడివని మనకు తెలియడానికి కారణం ఆ నంబరు ఒక్కటే.

దీన్ని ఒంటరి కథగా వదిలేస్తే సగమే పని అయినట్టు. పక్కన లెక్క పెట్టి చూడండి. 1741 నుంచి 1760 దాకా చేరిన బిడ్డలు 16,282 మంది. వాళ్ళలో తిరిగి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళినవాళ్ళు 152 మంది. నూటికి ఒకరు కూడా లేరు. ఇంకో సంగతి గమనించండి: 1760 నాటికి 16,282 ఉన్న నంబరు 1767 నాటికి 16,516కే వచ్చింది. ఏడేళ్ళలో తేడా 234. అంతకు ముందు 1756 జూన్ నుంచి 1760 మార్చి దాకా, నాలుగేళ్ళు కూడా నిండకుండా, దాదాపు 15,000 మందిని తీసుకున్నారు. ఎందుకింత తేడా? ఆ నాలుగేళ్ళు పార్లమెంటు డబ్బిచ్చింది, వచ్చిన బిడ్డనల్లా తీసుకోమని షరతు పెట్టింది. బిడ్డలను పెంచలేక మూడింట రెండు వంతుల మంది చనిపోయాక డబ్బు ఆపేసింది. శారా బెండర్ లాంటి తల్లులు ఆ తర్వాత అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. చూశారా, ఖర్చు ఎవరిదన్నది మారగానే కాగితం తీరే మారిపోయింది. 1756కు ముందు లాటరీ పద్ధతి ఉండేది. తల్లి సంచిలో చేయి పెట్టి బంతి తీయాలి. తెల్లబంతి వస్తే బిడ్డను తీసుకుంటారు, ఎర్రబంతికి ఆగి చూడాలి, నల్లబంతికి తిరిగి వెళ్ళాలి. లాటరీ కాలపు తల్లి గురించి మనకు దాదాపు ఏమీ మిగల్లేదు. అర్జీ కాలపు తల్లి గురించి అర్జీలో కొంత మిగిలింది. మీరు ఎన్నుకునే సంవత్సరమే మీకు దొరికే కథ ఎంతో నిర్ణయిస్తుంది.

అసలు పెద్ద చిక్కు తర్వాత వచ్చింది. 1860లలో సంస్థవాళ్ళే బిల్లెట్ల నుంచి నాణేలూ ఉంగరాలూ లాంటి వస్తువులను పీకి ప్రదర్శనకు పెట్టారు. ఏ వస్తువు ఏ నంబరుదో రాసిపెట్టలేదు. బిల్లెట్‌లో వస్తువు వర్ణన, కాగితం మీద మిగిలిన సూది రంధ్రం, తుప్పు మరక, వీటి ఆధారంతో తర్వాతి పరిశోధకులు ఒక్కొక్కటీ తిరిగి జోడించాల్సి వచ్చింది. ఏ పాత సేకరణ తెరిచినా “దీన్ని ఎవరు, ఎప్పుడు కదిలించారు” అని అడగండి.

ఈ కాగితాలు లండన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2024 దాకా దాని పేరు లండన్ మెట్రోపాలిటన్ ఆర్కైవ్స్, పాత వ్యాసాల్లో ఆ పేరే కనిపిస్తుంది. A/FH అన్నది వాటి వరుస గుర్తు, అంటే కేటలాగులో ఆ కాగితాల సంకేతం. 18వ శతాబ్దపు రిజిస్టర్లలో చాలావాటిని ఫోటోలు తీసి, వలంటీర్ల చేత నకలు రాయించి ఉచితంగా ఆన్‌లైన్లో పెట్టారు. చదవాల్సిన క్రమం ఇది: ముందు జనరల్ రిజిస్టరులో నంబరు, తర్వాత బిల్లెట్, తర్వాత పల్లెటూరి నర్సుల లెక్కలు, చివర అప్రెంటిస్ రిజిస్టరు, అంటే పని నేర్చుకోడానికి పంపిన పిల్లల పుస్తకం. బిడ్డలను ఐదేళ్ళ వయసు దాకా పల్లెల్లో పాలిచ్చే ఆడవాళ్ళ దగ్గర ఉంచేవారు, వాళ్ళకు వారం లెక్కన జీతం. జీతం ఉంది కనుక నర్సు పేరు, ఊరు, పర్యవేక్షించిన ఇన్‌స్పెక్టరు పేరు, అన్నీ రాతలో ఉన్నాయి. తల్లి పేరు దొరకని చోట పెంచినావిడ పేరు దొరుకుతుంది. మరుగున పడ్డ కథ అంటే నా లెక్కలో ఇదీ. తల్లుల మీద అందరూ రాశారు, నర్సుల మీద రాయాల్సింది ఇంకా బోలెడుంది.

ఇప్పుడు ఇదే సూత్రం మిగతా చోట్ల.

పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరి పరిధి. 1538లో ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో పారిష్ రిజిస్టర్లు మొదలయ్యాయి. 1598 నుంచి పార్చ్‌మెంటు, అంటే పదును చేసిన తోలు, మీద రాయాలన్నారు, ఏటా ఒక నకలు బిషప్‌కు పంపమన్నారు. అసలు పుస్తకం తడిసి చిరిగినా బిషప్ నకలు బతికుండొచ్చు, రెండూ అడగండి. 1754 మార్చి 25 నుంచి పెళ్ళి నమోదుకు అచ్చు ఫారం, వధూవరుల సంతకాలు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. సంతకం చేశారా, గుర్తు గీశారా అన్నది చూస్తే చదువు తెలుస్తుంది. సాక్షులు చాలాసార్లు అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో అయుంటారు. 1813 జనవరి నుంచి బాప్తిస్మం ఫారంలో తండ్రి వృత్తి గడి వచ్చింది. జనన మరణాల ప్రభుత్వ నమోదు ఇంగ్లండు, వేల్సుల్లో 1837 జూలై 1న మొదలైంది, స్కాట్లండులో 1855లో, ఐర్లండులో 1864లో. 1841 జనగణనలో పేర్లున్నాయి గాని పదిహేను దాటినవాళ్ళ వయసును ఐదు గుణిజానికి తగ్గించి రాశారు. 35 అని ఉంటే 39 కావచ్చు. ఇంగ్లండు, వేల్సుల 1931 జనగణన 1942లో మంటల్లో కాలిపోయింది, 1941లో లెక్కే తీయలేదు. దాని కోసం రోజులు పోగొట్టుకోకుండా జనం పేర్లు రాసుకున్న 1939 సెప్టెంబరు 29 నాటి రిజిస్టరుకు వెళ్ళండి.

పేదల గురించి అన్నిటికన్నా రుచిగల కాగితం సెటిల్‌మెంట్ విచారణ. 1662 చట్టం ప్రకారం ప్రతి పేదవాడికీ ఒక సొంత పారిష్ ఉంటుంది, తిండి పెట్టాల్సింది ఆ పారిష్. కొత్త ఊరికి వచ్చి పదిపౌండ్ల అద్దెకు తక్కువైన ఇంట్లో ఉంటే నలభై రోజుల్లో వెళ్ళగొట్టొచ్చు. కూలీకి జబ్బు చేసినా, పెళ్ళికాని అమ్మాయి గర్భవతి అయినా మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి అడిగేవారు: ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని నేర్చావు, ఎక్కడైనా పూర్తి ఏడాది జీతానికి ఉన్నావా, ఎంత ఇచ్చారు, పెళ్ళి ఎప్పుడు, పిల్లల వయసులెంత. ఒక్క పేజీలో బతుకంతా ఉంటుంది. అయితే ఇందులో ఒక మెలిక. ఏడాది నిండా పనిచేస్తే ఆ ఊరి హక్కు వచ్చేస్తుందని యజమానులు యాభై ఒకటో వారంలో తీసేసేవారు. కాబట్టి “ఏడాదికి నాలుగు రోజులు తక్కువ పనిచేశాను” అనే వాక్యం కనిపిస్తే అది జ్ఞాపకం చెప్పిన లెక్క కాదు, చట్టం నేర్పిన లెక్క. ఇవి కౌంటీ రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో పారిష్ కాగితాలు అడిగి నిరాశపడకండి. వాళ్ళ డిస్కవరీ కేటలాగు మాత్రం దేశమంతా ఉన్న ఆర్కైవ్స్ జాబితాలను కలిపి చూపిస్తుంది, అక్కడ వెతకండి.

కోర్టు కథలకు ఓల్డ్ బెయిలీ, అంటే లండన్ పెద్ద క్రిమినల్ కోర్టు, విచారణలు. 1674 నుంచి 1913 దాకా, 1,97,000 పైగా కేసులు, మొత్తం పాఠం ఉచితం. దీని గురించి రెండు హెచ్చరికలు. ఇవి కోర్టు రాసుకున్న రికార్డులు కావు, షార్ట్‌హ్యాండ్ రాసేవాళ్ళతో రాయించి అమ్ముకున్న పత్రిక. జనానికి నచ్చేవి వివరంగా వేశారు, మామూలు దొంగతనాన్ని నాలుగు లైన్లలో తేల్చారు, ముద్దాయి మాటలు చాలాచోట్ల ఎగిరిపోయాయి. రెండోది సొమ్ము విలువ. ఇంట్లోంచి నలభై షిల్లింగుల సరుకు దొంగిలిస్తే ఉరి, దుకాణంలో రహస్యంగా ఐదు షిల్లింగులది తీస్తే ఉరి. అందుకని జూరీ దయతలచి 39 షిల్లింగులు, నాలుగు షిల్లింగుల పది పెన్నీలు అని తీర్పు రాసేది. ఆ అంకెను పట్టుకుని వెండి గిన్నె ధర ఇంతని రాస్తే నవ్వులపాలవుతాం. అది ధర కాదు, ప్రాణభిక్ష. వస్తువుల ధర కావాలంటే మరణానంతర ఆస్తి జాబితాలు చూడండి. వీలునామాల కోసం వెతికేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది, 1882 చట్టం దాకా పెళ్ళైన ఆడదానికి భర్త ఒప్పుకోకుండా వీలునామా రాసే హక్కు దాదాపు లేదు. ఆడవాళ్ళ వీలునామాలు వితంతువులవీ పెళ్ళికానివాళ్ళవీ అయుంటాయి. 1858 జనవరికి ముందువి చర్చి కోర్టుల్లో ఉంటాయి, తర్వాతివి దేశమంతటికీ ఒకే జాబితాలో.

యూరప్ వైపు వెళ్తే, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద గని లండన్‌లోనే ఉంది, ప్రైజ్ పేపర్స్. 1652 నుంచి 1815 దాకా యుద్ధాల్లో బ్రిటిష్ వాళ్ళు పట్టుకున్న 35,000 పైగా ఓడల కాగితాలు. ఓడను పట్టుకున్నవాడు అది శత్రువుదేనని ఓడల తగువులు చూసే అడ్మిరాల్టీ హైకోర్టులో రుజువు చేస్తేనే దాన్ని అమ్ముకుని డబ్బు పంచుకోగలడు. అందుకే ఓడలో ఉన్న ప్రతి కాగితమూ సాక్ష్యంగా కోర్టుకు వెళ్ళింది, ఉత్తరాల సంచులతో సహా. చేరాల్సిన చోటికి చేరని ఉత్తరాలే 1,60,000 దాకా ఉన్నాయి. పట్టుబడ్డ నావికులను అచ్చు వేసిన ప్రశ్నల పట్టీతో విచారించేవారు, వాటి జవాబుల్లో పుట్టిన ఊరు, ఉంటున్న ఊరు ఉంటాయి. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఇవన్నీ ఫోటోలు తీసి ఆన్‌లైన్లో పెడుతోంది. హెచ్‌సీఏ 30, హెచ్‌సీఏ 32 వరుసలు చూడండి.

వీటిలో ఎలా పని చేస్తారో చెప్పడానికి గలాటే ఓడ మంచి ఉదాహరణ. బోర్డో నుంచి కెనడాలోని క్యూబెక్‌కు వెళ్తూ 1758లో పట్టుబడ్డ ఫ్రెంచి ఓడ. నావికులకు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు రేవు రేవునా వాళ్ళను వెంబడించి, ప్రతిచోటా ఆలస్యంగా చేరి, చివరికి ఓడ చిక్కిందని తెలిసి లండన్‌కు వెళ్ళాయి. అక్కడ వాటిని ఎవరూ పట్టించుకోలేదు. కేంబ్రిడ్జి చరిత్రకారుడు రెనో మోరియో కట్టలు విప్పి 104 ఉత్తరాలను చదివి 2023లో ఫలితం ప్రకటించాడు. ఉత్తరాలతో ఆగలేదు, ఫ్రెంచి నౌకాదళం సిబ్బంది పట్టీతో సరిపోల్చి 181 మంది నావికుల్లో ఎవరెవరో తేల్చాడు. నాలుగో వంతు మందికి ఉత్తరాలున్నాయి. వాటిలో 59 శాతం ఆడవాళ్ళ సంతకంతో ఉన్నాయి. నికొలా కెనెల్ అనే కుర్ర నావికుడి తల్లి, అరవై దాటిన మార్గరీత్, నేను నీ గురించి తలుచుకున్నంత నువ్వు నన్ను తలుచుకోవడం లేదని నిష్ఠూరమాడింది. కొడుకు తనకు కాకుండా కాబోయే భార్యకే రాస్తున్నాడని ఆమె బాధ. ఇక్కడ జాగ్రత్త. ఆమె చదువుకున్న మనిషి కాదు, వేరేవాళ్ళ చేత రాయించింది. అక్షరక్రమం, మర్యాద మాటలు రాసినవాడివి. దెప్పిపొడుపు ఆమెది. వేరుచేయాలంటే అదే చేతిరాతలో ఉన్న ఇంకో ఇంటి ఉత్తరం పక్కన పెట్టుకుని చదవాలి.

నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో బ్రియెన్ పెట్టె కూడా ఇలాంటిదే. సిమోన్ ద బ్రియెన్ పోస్ట్‌మాస్టరు. ఆ కాలంలో తపాలా ఖర్చు ఉత్తరం అందుకున్నవాడు కట్టేవాడు. ఎవరూ తీసుకోని ఉత్తరాలను ఎప్పటికైనా డబ్బు రాకపోతుందా అని దాచాడు. 1689 నుంచి 1706 దాకా అలా 2,600 పోగయ్యాయి. వాటిలో 600 ఇప్పటికీ విప్పలేదు. విప్పితే కాగితం మడతల తీరు పోతుంది. కవరు లేని కాలంలో ఆ మడతే తాళం. 2021లో దంతవైద్యానికి వాడే రకం ఎక్స్‌రే స్కానర్‌తో ఒక ఉత్తరాన్ని విప్పకుండానే చదివారు. ఆనాటి సిరాలో ఇనుము ఉంటుంది గనుక ఎక్స్‌రేకు పట్టుబడుతుంది. 1697 జూలై 31న జాక్ సెనాక్ అనేవాడు హేగ్‌లో ఉన్న చుట్టానికి రాసిన ఉత్తరం అది, దానియేల్ ల పెర్ మరణ ధృవపత్రం నకలు పంపమని. అంత సాంకేతికత వాడి చదివితే వచ్చింది ఆస్తి కాగితం కోసం తొందర! నాకైతే ఇదే బాగుంది.

రాజుల లెక్కల పుస్తకాల్లోనూ మామూలు మనుషులుంటారు. ఏడో హెన్రీ ఆస్థానంలో జాన్ బ్లాంక్ అనే నల్లజాతి బూరా వాద్యగాడికి 1507 డిసెంబరులో ఇచ్చిన నవంబరు జీతం 20 షిల్లింగులు, రోజుకు 8 పెన్నీల చొప్పున. షిల్లింగుకు 12 పెన్నీలు, కాబట్టి 20 షిల్లింగులంటే 240 పెన్నీలు. 8 పెట్టి భాగిస్తే 30. నవంబరులో 30 రోజులు. అంటే సెలవు కోత లేకుండా నెల పొడుగునా జీతగాడే, పండగకు పిలిపించిన మనిషి కాదు. 1511 నాటి వెస్ట్‌మినిస్టర్ టోర్నమెంట్ చిత్రపటంలో రెండుసార్లు కనిపించే తలపాగా బూరావాడు ఇతనేనని గుర్తించారు. ఎనిమిదో హెన్రీకి జీతం రెట్టింపు చేయమని అర్జీ పెట్టుకుని సాధించాడు. మూడు చిన్న ముక్కలు, ఒక భాగహారం.

ఇక పని చెడగొట్టే విషయాలు. మొదటిది తేదీ. 1752 దాకా ఇంగ్లండులో ఏడాది మార్చి 25న మొదలయ్యేది. “1688 ఫిబ్రవరి 10” అని ఉంటే మన లెక్కలో అది 1689. అందుకే జాగ్రత్తపరులు 1688/9 అని రాస్తారు. ఇది తెలియక పెళ్ళికి ముందే బిడ్డ పుట్టిందని రాసినవాళ్ళు చాలామంది. స్కాట్లండు 1600 నుంచే జనవరి 1కి మారింది. 1752లో సెప్టెంబరు 2 తర్వాతి రోజు 14. ఫ్రాన్సు 1582లోనే కొత్త కేలండర్ తీసుకుంది, జర్మన్ ప్రొటెస్టెంటు రాజ్యాలు 1700లో, రష్యా 1918లో. పారిస్ నుంచి 15న రాసిన ఉత్తరం లండన్‌కు 9న చేరిందని ఉంటే అది తప్పు కాదు. ఫ్రెంచి విప్లవం నాటి రిజిస్టర్లలో 1793 నుంచి 1805 చివరి దాకా వేరే నెలలు, వేరే సంవత్సరాలు ఉంటాయి, మార్చుకోడానికి పట్టికలున్నాయి.

రెండోది చేతిరాత. 16, 17 శతాబ్దాల్లో వాడిన సెక్రటరీ అనే రకం రాతలో హెచ్ తోక గీత కిందికి దిగుతుంది, ఇంగ్లీషు e అక్షరం వెనక్కి తిరిగి ఉంటుంది, సి అక్షరం ఆర్‌లానో టి లానో కనిపిస్తుంది. రోమన్ అంకెల్లో చివరి ఐ స్థానంలో జె పెడతారు. నేషనల్ ఆర్కైవ్స్ ఉచిత పాఠాలు పది రోజులు చేస్తే కన్ను కుదురుతుంది. కుర్రెంట్ అనే పాత జర్మన్ రాతలో e అక్షరం ఎన్‌లా ఉంటుంది, దాన్ని విడిగా నేర్చుకోవాలి. అచ్చు పుస్తకాల్లో పాత పొడుగు ఎస్‌ను కంప్యూటరు ఎఫ్ అని చదువుతుంది. పాత పత్రికల్లో మాట దొరక్కపోతే ఎస్ బదులు ఎఫ్ పెట్టి మళ్ళీ కొట్టండి. ట్రాన్స్‌క్రైబస్ లాంటి యంత్రాలు రాతప్రతిని చదివిపెడతాయి గాని, మొదటి ఇరవై లైన్లు మీరే చదివి యంత్రం చదివినదానితో పోల్చండి. పేర్లలోనూ అంకెల్లోనూ అది తప్పు చదువుతుంది, మనకు కావలసినవి సరిగ్గా అవే.

మూడోది, ఒకే పేరున్న ఇద్దరిని కలిపేయడం. ఇది అన్నిటికన్నా ఎక్కువ కథలను పాడుచేసింది. జాన్ స్మిత్, పుట్టిన ఏడాది సరిపోయిందని ఆగిపోకండి. పేరు కాక వృత్తి, వీధి, చుట్టం, వీటిలో కనీసం రెండు కలవాలి. తర్వాత ఎదురు పరీక్ష: మీరు అనుకున్న మనిషి అంతకు ముందే చనిపోలేదని ఖనన రిజిస్టరులో చూడండి. ఆ ఒక్క పనితో సగం మంది అభ్యర్థులు రాలిపోతారు.

మన తీరంతో నిజమైన లింకు ఉన్న చోట్లు రెండు మూడు చెప్తాను. 1616 డిసెంబరు 22న లండన్‌లోని సెయింట్ డయనిస్ బ్యాక్‌చర్చిలో “ఈస్ట్ ఇండియన్” ఒకడికి పీటర్ అన్న పేరుతో బాప్తిస్మం ఇచ్చారు. బంగాళాఖాతం తీరం నుంచి తెచ్చిన కుర్రాడు, ఆ పేరు ఎంచింది మొదటి జేమ్స్ రాజు. ఆ రిజిస్టరును హార్లీయన్ సొసైటీ 1878లో అచ్చు వేసింది, ఉచితంగా చదవొచ్చు. రిజిస్టరులో ఇంటిపేరు లేదు. పోప్ అన్నది తర్వాత అతను లాటిన్‌లో రాసిన ఉత్తరాల వల్ల తెలిసింది. అతను తెలుగువాడని రాసేయకండి. బంగాళాఖాతం తీరం చాలా పొడుగు, పైగా ఆ రోజుల్లో ఈస్ట్ ఇండియన్ అన్న మాట గోవా మొదలుకొని మలక్కా దాకా ఎవరికైనా వాడేవారు. డచ్ ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో మన ఊళ్ళు వెతకాలంటే వాళ్ళ నోట్లో తిరిగిన పేర్లు కావాలి: మచిలీపట్నం మసులిపటం అయింది, పాలకొల్లు పాలికోల్, ద్రాక్షారామం దాట్జెరోమ్, భీమునిపట్నం బిమిలిపట్నం. లక్షల పేజీలను యంత్రం చేత చదివించి పెట్టారు కనుక ఈ రూపాలన్నీ ఒక్కొక్కటీ కొట్టి చూడండి. ఆ కంపెనీ జీతాల పుస్తకాల్లో ఏడు లక్షలకు పైగా నావికుల, సైనికుల ఖాతాలున్నాయి. కారణం మళ్ళీ అదే, దూరదేశంలో చచ్చిపోయినవాడి బాకీ జీతం ఇంట్లో ఎవరికివ్వాలి? మద్రాసు ప్రెసిడెన్సీలో బాప్తిస్మం, పెళ్ళి, ఖననం నమోదుల నకళ్ళు లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్ 2 వరుసలో ఉన్నాయి, బందరు, విశాఖ, సికింద్రాబాదు కంటోన్మెంటు అందులోకే వస్తాయి.

పనిచేసే పద్ధతి. చూసిన ప్రతి కాగితానికీ వరుస గుర్తు, కట్ట నంబరు, పేజీ నంబరు వెంటనే రాసుకోండి. ఫోటో తీస్తే మొదటి ఫోటో కట్ట మీది చీటీది కావాలి. నకలు రాసేటప్పుడు లైను ఎక్కడ విరిగిందో అక్కడే విరవండి, తప్పు స్పెల్లింగును దిద్దకండి, ఊహించిన అక్షరం పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఏదీ దొరకకపోయినా “ఫలానా కట్ట, ఫలానా ఏళ్ళు చూశాను, లేదు” అని రాయండి. లేకపోతే ఆరు నెలల తర్వాత అదే కట్ట మళ్ళీ తిప్పుతారు. ఉచిత సైట్లలో దొరికేవి పూర్తయ్యేదాకా డబ్బు పెట్టొద్దు: ఫ్యామిలీసెర్చ్‌లో పారిష్ ఫోటోలు, గలికాలో ఫ్రెంచి పత్రికలు, డెల్ఫర్‌లో డచ్ పత్రికలు, వేల్సు పత్రికలు, ఆస్ట్రేలియాకు పంపిన ఖైదీలైతే ట్రోవ్. ఆన్‌లైన్లో లేని పేజీ కావాలంటే ఆర్కైవ్ వాళ్ళకు రాయండి, ధర ముందే చెప్తారు. “మా పరిశోధనకు సాయం చేయండి” అని రాస్తే జవాబు పొడిగా ఉంటుంది. వరుస, కట్ట, పేజీ రాస్తే పని జరుగుతుంది.

మీరైతే ఫౌండ్లింగ్ జనరల్ రిజిస్టరులో 1758 నుంచి వరుసగా పది నంబర్లు తీసుకోండి. అందమైన గుడ్డముక్క ఉన్నవాటిని ఏరుకోవద్దు, వరుసగానే తీసుకోవాలి. ఆరేడు నంబర్లు చనిపోయిన తేదీ దగ్గర ఆగిపోతాయి, దానికి సిద్ధపడండి. అక్కడ వదిలేయకుండా ఆ నర్సు ఉన్న ఊరి ఖనన రిజిస్టరు తెరిచి ఆ తేదీకి అటూ ఇటూ వారం చూడండి. పక్కపక్కనే ఇంకెన్ని ఫౌండ్లింగ్ పేర్లున్నాయో లెక్కపెట్టి, ఏ బిడ్డ ఏ నర్సు దగ్గర ఉందో నర్సుల లెక్కలతో కలపండి. ఒకే నర్సు పేరు రెండు మూడు చోట్ల తగిలితే, ఆవిడ పెళ్ళి నమోదు, సొంత బిడ్డల బాప్తిస్మాలు అదే పారిష్ పుస్తకంలో కొన్ని పేజీల వెనక్కి ఉండే అవకాశం ఎక్కువ.